సెమిస్టర్ అయిపోయింది, చేతిలో ఏం మిగిలింది?

ప్రశ్న: మేడమ్, నేను కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. మొదటి సెమిస్టర్ అయిపోయి పది రోజులైంది. మొత్తం ఐదు క్లాసులు తీసుకున్నాను. ఎకనామిక్స్‌లో ‘ఎ’ వచ్చింది గానీ ఇప్పుడు అందులో ఒక్క ముక్క గుర్తులేదు. పరీక్షకు ముందు రెండు రాత్రులు కూర్చుని బట్టీ పట్టాను, అంతే. కాలిక్యులస్ మొదట్లో బాగానే అర్థమయ్యేది. చైన్ రూల్ చెప్పిన వారం జ్వరం వచ్చి వెళ్లలేదు. ఆ తర్వాత నాకు లెక్కలు రావని తెలిసిపోయింది. ప్రోగ్రామింగ్ మేడమ్ అసలు పాఠమే చెప్పేవారు కాదు, అంతా మా చేతే చేయించేవారు. అందులో రెండు అసైన్‌మెంట్లు ఆలస్యంగా ఇచ్చానని మార్కులు పోయాయి. చరిత్ర ఒక్కటే ఇష్టంగా చదివాను. ఒక వ్యాసం మీద సార్ ‘నీ అసలు వాదన మూడో పేజీలో మొదలైంది’ అని రాశారు. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తెలీదు. అన్నిటికంటే చివర కెమిస్ట్రీ పరీక్ష. నోట్సు నాలుగుసార్లు చదివాను, రంగు పెన్నులతో గీతలు పెట్టుకున్నాను, అంతా తెలిసినట్టే ఉంది. తీరా పేపర్ చేతికొచ్చాక బుర్ర ఖాళీ. ‘డి’ వచ్చింది.

కొత్త సెమిస్టర్ మొదలయ్యేలోపు ‘ఈ సెమిస్టర్‌లో నేనేం నేర్చుకున్నాను’ అని ఒక పేజీ రాసి తెమ్మని మా అడ్వైజర్ చెప్పారు. మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. ‘నాలుగు నెలలు వేస్ట్ చేశాను’ అన్న వాక్యం తప్ప ఇంకేం రావట్లేదు. కెమిస్ట్రీ నాకు పడదని రెండో వారంలోనే తెలుసు, అప్పుడే మానేసి ఉండాల్సింది. ఇలా వెనక్కి చూసుకోవడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా? లేక అన్నీ మర్చిపోయి ముందుకెళ్లడమే మంచిదా?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ బాధే కనిపించింది. రెండోసారి చదువుతుంటే ఇంకొకటి కనిపించింది. ‘నాలుగు నెలలు వేస్ట్’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు గానీ, ఏ క్లాసు ఎక్కడ దెబ్బతిందో, ఏ వారంలో దెబ్బతిందో, ఎందుకు దెబ్బతిందో అన్నీ ఈ ఉత్తరంలోనే రాశావు. అడ్వైజర్‌కి ఇవ్వాల్సిన పేజీలో సగం నాకు పంపించేశావు.

వెనక్కి చూసుకోవడం వల్ల ఉపయోగం ఉందా అని అడిగావు. ఉంది. కాకపోతే కాగితం ముందు కూర్చుని ఉత్త జ్ఞాపకంతో చూసుకుంటే పెద్దగా ఉండదు. జ్ఞాపకం నాలుగు నెలల్ని నాలుగు నెలలుగా దాచిపెట్టుకోదు. డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరికొందరితో కలిసి 1993లో ఒక ప్రయోగం ప్రచురించాడు. మనుషుల చేత ఒక చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో నిమిషంపాటు పెట్టించారు. ఇంకోసారి రెండో చేతిని అలాగే నిమిషం పెట్టించి, బయటికి తియ్యనివ్వకుండా మరో 30 సెకన్లు ఉంచారు. ఆ 30 సెకన్లలో మాత్రం నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మూడోసారి ఏది చేస్తారో మీరే ఎంచుకోండి అంటే, ఎక్కువమంది ఆ ఎక్కువసేపు బాధపెట్టిన దాన్నే ఎంచుకున్నారు. చివర్లో కాస్త తెరిపి దొరికింది కాబట్టి అదే నయంగా గుర్తుండిపోయింది.

నీకు జరిగింది దానికి తిరగేసిన సంగతి. నీ సెమిస్టర్ చివర కెమిస్ట్రీ పరీక్ష ఉంది. ఆ మూడు గంటల చలి వెనక్కి పాకి, చరిత్ర పుస్తకం ఇష్టంగా చదువుకున్న సాయంత్రాల మీద కూడా పడింది. అదే పరీక్ష మొదటి రోజున అయ్యుండి, చివర చరిత్ర పరీక్ష వచ్చుంటే, ఇవే గ్రేడ్లతో నువ్వు నాకు వేరే ఉత్తరం రాసేదానివి.

ఇంకో సంగతి. 1996లో వచ్చిన ఒక పరిశోధనలో 99 మంది కాలేజీ విద్యార్థుల్ని వాళ్ల స్కూలు గ్రేడ్లు గుర్తుచేసుకోమని అడిగి, తర్వాత రికార్డులతో పోల్చి చూశారు. ‘ఎ’ వచ్చినవి 89 శాతం సరిగ్గా చెప్పారు. ‘డి’ వచ్చినవి సరిగ్గా చెప్పింది 29 శాతమే. తప్పు చెప్పిన చోట్ల చాలావరకు ఉన్నదానికంటే మంచి గ్రేడే చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పారని అనుకోకు, వాళ్లకు అలాగే గుర్తుంది. ఇప్పుడు నీ మనసు అన్నిటినీ కిందికి లాగుతోంది. నాలుగేళ్లు పోతే ఇదే మనసు ‘మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది’ అంటుంది. రెండు మాటలూ నీకు పనికిరావు. అందుకే మీ అడ్వైజర్ ఇప్పుడే రాయమన్నారు, పదో రోజున, గాయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు. కాగితాలు కూడా ఇంకా నీ దగ్గరే ఉంటాయి కదా.

ముందు ఆ కాగితాలన్నీ తియ్యి. నోట్సులు, దిద్ది ఇచ్చిన క్విజ్‌లు, మొదటి రోజు ఇచ్చిన సిలబస్ షీట్లు, ఫోన్‌లో తీసుకున్న బోర్డు ఫోటోలు, నువ్వు పంపిన అసైన్‌మెంట్ ఫైళ్లు. వాటి మీద తేదీలు ఉంటాయి. అన్నీ నేల మీద పరిచి, సబ్జెక్టుల వారీగా కాకుండా వారాల వారీగా పేర్చు. మొదటి వారం ఇక్కడ, రెండో వారం దాని పక్కన. అలా పేర్చాక కాసేపు ఏమీ రాయకుండా ఊరికే చూడు. చేతిరాత ఎక్కడ మారిందో చూడు. ఎక్కడ తేదీలు వెయ్యడం మానేశావో చూడు. ఏ వారంలో మూడు సబ్జెక్టుల పని ఒకేసారి నెత్తిమీద పడిందో అక్కడే తెలిసిపోతుంది. ఈ పనికి ఒక మధ్యాహ్నం పడుతుంది, అంతకంటే ఎక్కువ పట్టదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో లెక్కలే చెప్పాను కాబట్టి, నీ కాలిక్యులస్ నోట్సు చూడకపోయినా అందులో ఏముంటుందో ఊహించగలను. లిమిట్స్ దగ్గర చక్కటి చేతిరాత ఉంటుంది. డెరివేటివ్స్, అంటే ఒకటి మారితే ఇంకొకటి ఎంత వేగంగా మారుతుందో చూసే లెక్కలు, మొదలైన చోట కూడా బాగుంటుంది. తర్వాత మూడో నాలుగో ఖాళీ పేజీలు. ‘ఎవరి దగ్గరైనా నోట్సు తీసుకుని రాసుకుందాం’ అని వదిలిన పేజీలవి. వాటి తర్వాత మళ్లీ రాత మొదలవుతుంది గానీ, అది పాఠం వింటూ రాసిన రాత కాదు. బోర్డు మీదది బోర్డు మీద ఉన్నట్టు దించేసిన రాత.

ఆ ఖాళీ పేజీల్లో ఉండాల్సింది చైన్ రూల్. ఒక చిన్న లెక్క తీసుకుందాం. (3ఎక్స్ + 1) అనే దానికి ఐదో ఘాతం ఉంది, దాని డెరివేటివ్ కావాలి. ఐదుని ముందుకు దించి, ఘాతాన్ని నాలుగు చేస్తాం. ఇక్కడిదాకా జ్వరానికి ముందు నేర్చుకున్నదే నీకు సరిపోతుంది. ఆ తర్వాత లోపల ఉన్న దాని డెరివేటివ్ 3తో గుణించాలి, అప్పుడు ముందు 15 వస్తుంది. ఆ చివరి గుణకారమే చైన్ రూల్. అది వినని వాళ్లు 5 దగ్గరే ఆగిపోతారు. జ్వరం తర్వాతి క్విజ్‌లు తీసి, ఎర్ర పెన్ను గుర్తులు ఎక్కడ ఉన్నాయో ఒక్కొక్కటే చూడు. లోపలిదాన్ని మర్చిపోయిన తప్పు ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కపెట్టు.

ఇది ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. కాలిక్యులస్‌లో ఒక వారం పోతే ఒక్క వారంతో పోదు. ఇంప్లిసిట్ డిఫరెన్సియేషన్ చైన్ రూల్ మీద నిలబడుతుంది. మారుతున్న వేగాలకు ఒకదానితో ఒకటి సంబంధం కట్టే లెక్కలు దానిమీదే నిలబడతాయి. సెమిస్టర్ చివర్లో వచ్చే సబ్‌స్టిట్యూషన్ పద్ధతి ఇంటిగ్రేషన్ అయితే అచ్చంగా చైన్ రూల్‌ని వెనక్కి నడిపించడమే. కాబట్టి నీకు ఆరు చోట్ల తెగినట్టు కనిపిస్తున్నా, తెగింది ఒకే చోట. ‘నాకు లెక్కలు రావు’ అన్న మాట మీద నాకు చాలా కోపం వస్తుందమ్మా. నీ మీద కాదు, ఆ మాట మీద. అది ఒక్క వారం జ్వరాన్ని తీసుకెళ్లి నీ బుర్రకే అంటగడుతుంది.

నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. ముందు బెంచీలో కూర్చునేవాడు, ప్రశ్నలడిగేవాడు. అనారోగ్యంతో పది రోజులు రాలేదు. తిరిగొచ్చాక వెనక బెంచీకి మారాడు, మాట్లాడటం మానేశాడు. చదువు మీద ఆసక్తి పోయిందనుకున్నాను, ఒక్కసారి కూడా పిలిచి అడగలేదు. సెమిస్టర్ అయిపోయాక నోట్సు పట్టుకుని నా గదికి వచ్చి, మధ్యలో ఉన్న ఐదు ఖాళీ పేజీలు చూపించి, ‘ఇవి మాత్రం చెప్తారా మేడమ్, మిగతాది నేను చూసుకుంటాను’ అన్నాడు. రెండు సాయంత్రాలు పట్టింది. రెండో సాయంత్రం అయ్యేసరికి, వెనకాల పేజీల్లో తను దించుకున్న లెక్కల్ని తనే చదివి అర్థం చేసుకోగలిగాడు. ఆ సంగతి నా మనసులో చాలా రోజులు ఉండిపోయింది. ఆ తర్వాత ప్రతి సెమిస్టర్ మధ్యలో ఒక క్లాసు విడిగా పెట్టేదాన్ని. కొత్త పాఠం ఉండదు, అందరూ తమ ఖాళీ పేజీలు తీసుకురావాలి. మొదటిసారి ఇద్దరో ముగ్గురో తెస్తారనుకున్నాను. సగం క్లాసు తెచ్చింది.

నీకు రెండు సాయంత్రాలు కావాలి. కొత్త సెమిస్టర్ మొదలవకముందే.

ఇక కెమిస్ట్రీ. నాలుగుసార్లు చదివావు. గీతలు పెట్టుకున్నావు. తెలిసినట్టే ఉంది. ఈ మూడూ నిజాలే, నువ్వు కష్టపడలేదని ఎవరూ అనలేరు. కానీ ‘తెలిసినట్టు ఉండటం’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నాలుగోసారి చదువుతున్నప్పుడు పేజీ కళ్లకు అలవాటైపోయి ఉంటుంది. వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం తెలిసిపోతుంది. ఆ సులువును మనం జ్ఞానం అనుకుంటాం. పరీక్షలో పేజీ ఉండదు, ఖాళీ కాగితం ఉంటుంది. చూసి గుర్తుపట్టడం ఒక పని, చూడకుండా బయటికి తియ్యడం ఇంకో పని. నువ్వు మొదటిది నాలుగుసార్లు సాధన చేసి, రెండోదాన్ని తొలిసారిగా పరీక్ష హాల్లో చేశావు.

హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో దీన్నే పరీక్షించి చూశారు. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, నాలుగు విడతలు చదివినవాళ్లే గెలిచారు: 83 శాతం గుర్తుంది, రెండో గుంపుకు 71. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, మూసి రాసినవాళ్లకు 61. నీకు ‘తెలిసినట్టు’ అనిపించింది ఆ ఐదు నిమిషాల లెక్క. పరీక్ష అడిగింది వారం తర్వాతి లెక్క. చదివే పద్ధతులు పదింటిని తూచిచూసిన 2013 నాటి ఒక పెద్ద సమీక్షలో కూడా, గీతలు పెట్టుకోవడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో పడ్డాయి. తనను తాను పరీక్షించుకోవడం, కొన్ని రోజుల ఎడంతో చదవడం పైన నిలిచాయి. రంగు పెన్నులు పారెయ్యమనడం లేదు. గీత పెట్టడంతో పని అయిపోయిందనుకోవద్దు అంటున్నాను.

ఇప్పుడే ఒక ప్రయత్నం చెయ్యి. నోట్సు తియ్యకుండా, 18 గ్రాముల నీళ్లలో ఎన్ని అణువులు ఉంటాయో ఒక కాగితం మీద రాయి. 6.022 × 10²³ అన్న అంకె నీకు ఠక్కున రావచ్చు, ఎందుకంటే అది పుస్తకంలో గళ్లు కట్టి రాసి ఉంటుంది. ఆ 18 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయి. పరమాణు భారాలు చూస్తే హైడ్రోజన్ ఒక్కోటి 1 చొప్పున రెండు, ఆక్సిజన్ 16, కాబట్టి ఒక మోల్ నీళ్లు, అంటే పైన చెప్పినన్ని అణువుల నీళ్లు, 18 గ్రాములు. ఇది చూడకుండా రాయగలిగితే మోల్ లెక్కలు నీకు వచ్చు, నీ ఇబ్బంది వేరే అధ్యాయంలో ఉంది. రాయలేకపోతే ఇబ్బంది ఇక్కడే ఉంది. ఎలా వచ్చినా మంచిదే, ఎందుకంటే ‘కెమిస్ట్రీ రాదు’ అన్న పెద్ద మబ్బు కాస్తా ఒక చిన్న చోటుకి తగ్గిపోతుంది. ఇలా అధ్యాయానికి ఒక ప్రశ్న చొప్పున నీకు నువ్వే వేసుకో.

తర్వాత ఆ సార్‌ని గానీ మేడమ్‌ని గానీ కలువు. నీ పరీక్ష పేపర్ చూడటానికి కుదిరితే చూడు. ‘నాకు డి ఎందుకొచ్చింది’ అని అడగకు. అలా అడిగితే ఎదుటివాళ్లు గ్రేడును సమర్థించుకునే పనిలో పడతారు. ‘నేను ఇలా చదివాను, ఈ మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోయాను, నా అవగాహన ఎక్కడ తెగిందో చెప్తారా’ అని అడుగు. టీచర్‌గా చెబుతున్నాను, ఈ రెండో ప్రశ్న వింటే ఏ టీచర్‌కైనా కుర్చీ ముందుకి లాక్కుని కూర్చోవాలనిపిస్తుంది. తర్వాత తీసుకోబోయే క్లాసులకు ఈ కెమిస్ట్రీ పునాదిగా కావాలా, కావాలంటే మళ్లీ తీసుకునే వీలుందా అన్నది మాత్రం అడ్వైజర్‌నే అడుగు. ఒక్కో కాలేజీ పద్ధతి ఒక్కోలా ఉంటుంది.

‘రెండో వారంలోనే తెలుసు’ అన్నావు. తెలియదమ్మా. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే ఆయన, 1814లో బ్రిటిష్ సైన్యానికీ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించి ఒక వర్ణన ఇచ్చి కొందరి చేత చదివించాడు. ఒక్కో గుంపుకి ఫలితం ఒక్కోలా చెప్పాడు. ఆ తర్వాత, ఫలితం తెలియకపోయి ఉంటే మీరేం ఊహించేవారు అని అడిగితే, ఏ గుంపుకు ఏ ఫలితం చెప్పాడో ఆ గుంపు దానివైపే మొగ్గింది. ముగింపు తెలిశాక, ముందు నుంచీ అదే కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది. రెండో వారంలో నువ్వేమనుకున్నావో నిజంగా తెలియాలంటే అప్పటి మెసేజ్‌లు చూడు, మొదటి క్విజ్ చూడు. కొత్త సబ్జెక్టంటే కొంచెం భయం అని ఉంటుందేమో. భయానికీ, జరగబోయేది తెలిసి ఉండటానికీ చాలా దూరం. లేని జ్ఞానాన్ని అప్పటి నీకు అంటగట్టి, దాన్ని వాడుకోలేదని ఇప్పుడు తిట్టుకోవడం అన్యాయం.

ఎకనామిక్స్ గురించి నీలో ఒక చిన్న సిగ్గు కనిపించింది, దొంగతనంగా గ్రేడు తెచ్చుకున్నట్టు. రెండు రాత్రుల బట్టీ చదువు మంచిదని నేను చెప్పను. కానీ ‘ఒక్క ముక్క గుర్తులేదు’ అన్నదీ పూర్తి నిజం కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, అర్థం లేని అక్షరాల వరుసల్ని తనే కంఠతా పట్టి, ఎంతకాలానికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి, 1885లో పుస్తకంగా వేశాడు. ‘ఎంత త్వరగా మర్చిపోతామో చూడండి’ అనడానికే చాలామంది ఆయన్ని తలుచుకుంటారు. అసలు ఆయన కొలిచిన పద్ధతి వేరు. ఒకసారి నేర్చుకుని వదిలేసిన వరుసను, మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే ఎంత తక్కువ సమయం పడుతుందో చూశాడు. ఒక రోజు తర్వాత మూడో వంతు సమయం ఆదా అయింది. 31 రోజుల తర్వాత కూడా 21 శాతం ఆదా అయింది. అవి ఏ అర్థమూ లేని అక్షరాలు! పైకి బూడిదే కనిపించినా అడుగున నిప్పు ఉంటుంది.

కాబట్టి ఎకనామిక్స్‌లో ఒక్క అధ్యాయం తియ్యి, డిమాండ్ వ్యాకోచత్వం అనుకుందాం. గడియారం పెట్టుకుని మళ్లీ చదువు. ధర కొంచెం పెరిగితే కొన్నింటి అమ్మకాలు ఎందుకు బాగా పడిపోతాయో, కొన్నింటివి ఎందుకు పెద్దగా కదలవో నీ సొంత మాటల్లో చెప్పగలిగేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకో. ఆ రెండు రాత్రులు నీకు ఏం మిగిల్చాయో ఆ అంకె చెబుతుంది. ఆ పని మూడు రోజుల తర్వాత ఒకసారి, రెండు వారాల తర్వాత ఒకసారి చేశావంటే ఆ అధ్యాయం నీదవుతుంది. అన్ని అధ్యాయాలూ చెయ్యాల్సిన పని లేదు. నీకు ముందు ముందు పనికొచ్చేవి చాలు.

ప్రోగ్రామింగ్ విషయంలో నీతో కొంచెం విభేదిస్తాను. మేడమ్ పాఠం చెప్పలేదు, మా చేత చేయించారు అన్నావు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ క్లాసుల్లో ఇలాంటి పోలికే చేసి 2019లో ప్రచురించారు. ఒక గుంపు మంచి ఉపన్యాసం వింది, ఇంకో గుంపు అదే విషయాన్ని క్లాసులో తామే లెక్కలు చేస్తూ నేర్చుకుంది. చేసినవాళ్లు తక్కువ నేర్చుకున్నట్టు భావించారు, పరీక్షలో మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చాయి. తడబడుతూ చేస్తున్నప్పుడు ఏమీ రావట్లేదనిపిస్తుంది. గలగలా చెప్పే పాఠం వింటుంటే అంతా వచ్చేసినట్టు ఉంటుంది. నీ అసలు లెక్క ఇలా తేల్చుకో: మొదటి నెలలో నువ్వు రాసిన ప్రోగ్రామ్‌నీ చివరి నెలలో రాసినదాన్నీ పక్కపక్కన తెరిచి చదువు. పాతదాంట్లో తప్పులు నీ కంటికే కనిపిస్తే, ఆ కనిపించడమే నువ్వు నేర్చుకున్నది. అది గ్రేడు షీటులో పడదు.

ఆలస్యం సంగతి మాత్రం నీదే, అది ఒప్పుకోవాల్సిందే. అయితే ఈ పొరపాటు నీ ఒక్కదానిదే కాదు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ చెడిపోతే ఎన్ని రోజులు అంటే 49కి కొంచెం తక్కువ చెప్పారు. నిజంగా పట్టింది 55 రోజుల పైచిలుకు. చెడు ఊహ కూడా సరిపోలేదన్నమాట. నువ్వు చెయ్యాల్సింది తేలిక. నీ పాత ఫైళ్ల తేదీలు చూసి, ఒక్కో అసైన్‌మెంట్‌కి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో పక్కన రాసుకో. వచ్చే సెమిస్టర్‌లో ‘ఇది రెండు రోజుల పని’ అనిపించినప్పుడల్లా ఆ కాగితం చూడు.

చరిత్ర సార్ రాసిన వాక్యం గురించి అడగకుండానే అడిగావు. అది మెచ్చుకోలూ కాదు, తిట్టూ కాదు. ఈ సెమిస్టర్‌లో నీకు దొరికిన వాక్యాలన్నిటిలో విలువైనది అదేనని నాకు అనిపిస్తోంది. మొదటి రెండు పేజీల్లో నువ్వు విషయం చుట్టూ తిరిగావు. తిరుగుతూ తిరుగుతూ ఆలోచించావు. మూడో పేజీకి వచ్చేసరికి నీ మాట నీకు దొరికింది. వాదన అనేది నీకు ఉందని ఆయన గుర్తించాడు, లేకపోతే అలా రాయరు. ఆ వ్యాసం తీసి, మూడో పేజీని మొదటికి తెచ్చి, మొదటి రెండు పేజీల్లో నిజంగా అవసరమైన నాలుగు వాక్యాలు మాత్రం మధ్యలో కలిపి చూడు. గ్రేడు మారదు. వచ్చే వ్యాసం మాత్రం వేరేగా ఉంటుంది.

ఇప్పుడు అడ్వైజర్‌కి ఇవ్వాల్సిన ఆ ఒక్క పేజీ. ‘ఇంకా కష్టపడతాను, సమయం వృథా చెయ్యను’ అని రాయకు. నేను అలాంటి పేజీలు వందల కొద్దీ చదివాను, ఎవరి పేజీ ఎవరిదో చెప్పలేనంత ఒకేలా ఉండేవి. నీవి మాత్రమే అయిన సంగతులు రాయి. ‘చైన్ రూల్ వారం పోయింది, ఆ తర్వాతి క్విజ్‌ల్లో ఇన్ని మార్కులు దానివల్లే పోయాయి. కెమిస్ట్రీ చదివాను గానీ ఒక్కసారి కూడా మూసి రాయలేదు. రెండు రోజులనుకున్న అసైన్‌మెంట్‌కి ఇన్ని రోజులు పట్టింది. రాస్తూ ఉంటేనే నాకు ఆలోచన దొరుకుతుందని చరిత్ర క్లాసులో తెలిసింది.’ ఇలా రాస్తే ఎదుటి మనిషి నీకు సాయం చెయ్యగలరు. ‘వేస్ట్ చేశాను’ అంటే పాపం ఓదార్చడం తప్ప వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

వచ్చే సెమిస్టర్‌కి మార్పు ఒక్కటే పెట్టుకో, ఎక్కువైతే రెండు. నన్నడిగితే, వెనక్కి చూసుకోవడాన్ని సెమిస్టర్ చివరి నుంచి మధ్యలోకి తెచ్చుకోమంటాను. మూడో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి నోట్సులు నేల మీద పరుచు. ఖాళీ పేజీలు ఉన్నాయా, పుస్తకం మూసి ఏం రాయగలుగుతున్నాను, ఏ పని అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు తింటోంది, ఇంతే చూడు. జ్వరం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చి తగ్గిన మర్నాడు, వారం పాఠం ఎవరి దగ్గర దొరుకుతుందో మాత్రం ముందే అడిగి పెట్టుకోవచ్చు.

పేజీ రాసేటప్పుడు ‘నాలుగు నెలలు వేస్ట్ చేశాను’ అన్న వాక్యం మళ్లీ ముందుకొస్తే అడ్డుకోకు, రాసెయ్యి. రాస్తూనే ఉండు. మీ చరిత్ర సార్ చెప్పినట్టు నీ అసలు మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. అది వచ్చాక పైనున్న ఆ వాక్యం కొట్టేసి, శుభ్రంగా మళ్లీ రాసి తీసుకెళ్లు. కొత్త సెమిస్టర్ ఆరో వారం తర్వాత నాకు ఇంకో ఉత్తరం రాస్తావా? కాలిక్యులస్ నోట్సులో ఆ ఖాళీ పేజీలు నిండాయో లేదో కూడా అందులో రాయి.